నాన్న ఫియట్ ఫోటోలు ఎర్రబడిపోయాయి, స్కాన్లు మాత్రమే మిగిలాయి. బాగుచేసే దారి ఉందా?

మండీవీధి అమ్మాయి (తిరుపతి)
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది చిత్తూరు. నాన్నకు అక్కడ బెల్లం మండీ ఉండేది. 1988లో సెకండ్ హ్యాండ్‌లో ఒక ప్రీమియర్ పద్మిని కొన్నారు. పద్మిని అని మా ఇంట్లో ఎవరూ అనలేదు, ఎప్పుడూ ఫియట్ అనే. పదేళ్లు తిప్పి 1998లో పలమనేరు వైపు ఎవరికో అమ్మేశారు. ఆ రాత్రి నాన్న అన్నం తినకుండా పడుకున్నారని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. వచ్చే నెల ఆయనకు 80 నిండుతాయి. ఆ కారు ఫోటోలతో చిన్న ఆల్బం చేసి చేతిలో పెడదామని నా ఆశ.

చిక్కేమిటంటే అసలు ఫోటోలు లేవు. 2021 నవంబరు వానలకు తిరుపతి మునిగినప్పుడు మా ఇంట్లోకి కూడా నీళ్లొచ్చాయి. బీరువా కింది అరలో ఉన్న ఆల్బం ముద్దయిపోయింది. అంతకు చాలా ఏళ్ల ముందు మా పిన్ని కొడుకు నెట్ సెంటర్‌లో స్కాన్ చేయించి సీడీలో పెట్టిన 23 ఫోటోలే ఇప్పుడు దిక్కు. ఒక్కోటి 600 × 900 పిక్సెల్స్. అన్నీ ఎర్రగా ఉన్నాయి, ఆకాశం కూడా గులాబీ రంగే.

నిన్న ఒకదాన్ని ఏదో ఏఐ యాప్‌లో వేశాను. నిమిషంలో తళతళలాడుతూ వచ్చింది. సంబరపడిపోయి నాన్నకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూసి, "బాగుందమ్మా, ఎవరిదీ కారు?" అన్నారు.

అదీ సంగతి. పాత స్కాన్, యాప్ చేసింది రెండూ కింద పెట్టాను. ఇప్పుడేం చేయమంటారు?

ఏదో ఒకటి (రేణిగుంట)
ఆదివారం, రాత్రి 9:30

యాప్ మార్చి చూడండి. ఉచితంగా దొరికేవి అట్లాగే ఉంటాయి. డబ్బులు కట్టేవి బాగా చేస్తాయి. మా తాతది ఒకటి చేయించాను, అచ్చం ఇప్పుడు తీసినట్టే వచ్చింది.

నాలుగో గేరు (చిత్తూరు)
ఆదివారం, రాత్రి 9:51

అక్కా, మీరు పెట్టిన రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. నాన్నగారు అడిగినదాంట్లో తప్పేం లేదు, అది ఆయన కారు కాదు.

వెనక రెండు పక్కలా రెక్కల్లాగా లేచి ఉండే భాగం ఫియట్‌కు గుర్తు. యాప్ దాన్ని నున్నగా చెక్కేసింది. ముందు తలుపులో చిన్న ముక్కోణపు అద్దం ఉంటుంది, దాన్ని తిప్పితే గాలి నేరుగా మొహానికి కొడుతుంది. ఆ అద్దమే లేదు. గ్రిల్ ఇంకేదో కారుది. అన్నిటికంటే పెద్ద తప్పు నంబరు ప్లేటు. మీ పాత స్కాన్‌లో నల్ల ప్లేటు మీద తెల్ల అక్షరాలున్నాయి. ఆ కాలంలో సొంత బండ్లకు అదే పద్ధతి. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు 2000 దాటాక వచ్చాయి. యాప్ తెల్ల ప్లేటు పెట్టింది, పైగా దానిమీద ఏ భాషో తెలియని అక్షరాలు రాసింది.

కనపడని చోట అది ఊహించి గీస్తుంది. అది చూసినవాటిలో ఫియట్లు ఎన్ని ఉంటాయి చెప్పండి?

ఏదో ఒకటి (రేణిగుంట)
ఆదివారం, రాత్రి 10:02

పుట్టినరోజుకు ఇచ్చే ఆల్బంలో నంబరు ప్లేటు ఎవరు చూస్తారన్నా?

నాలుగో గేరు (చిత్తూరు)
ఆదివారం, రాత్రి 10:04

ఆ నంబరును పదేళ్లు రోజూ పొద్దున్నే గుడ్డతో తుడిచినాయన చూస్తాడు.

డార్క్‌రూమ్ తాత (తిరుపతి)
సోమవారం, ఉదయం 6:20

తల్లీ, గాంధీ రోడ్డు పక్క సందులో నాకు ముప్పై ఏళ్లు స్టూడియో ఉండేది. ఇప్పుడు మూసేశాను. చాదస్తం మాత్రం మూతపడలేదు, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ముందు ఆ ఎరుపు సంగతి. కలర్ ప్రింటులో మూడు రంగుల పొరలు ఉంటాయి: పసుపు, మెజెంటా (ముదురు గులాబీ), సియాన్ (నీలిపచ్చ). ఆ రోజుల్లో వాడిన చాలా కాగితాల మీద సియాన్ పొర అన్నిటికంటే బలహీనం. ఆల్బంలో, చీకట్లో, వెలుతురు తగలకుండా దాచినా అదే ముందు వెలిసిపోతుంది. ఎరుపును అడ్డుకునే పొర అదే. అది పోయాక ఫోటో ఎర్రబడక ఏమవుతుంది? గోడకు పటం కట్టించి ఎండ తగిలేచోట పెట్టినవి వేరే రకంగా పాడవుతాయి. మీవి ఆల్బంలో ఉన్నాయి కాబట్టి ఇదే జబ్బు.

మందు కూడా జబ్బులోనే ఉంది. ఫోటోకు మొత్తంగా "ఎరుపు తగ్గించు" అని నొక్కితే నల్లటివాటిలో ఎరుపు మిగిలే ఉంటుంది, తెల్లటివి నీలిపచ్చకు తిరుగుతాయి. అట్లా చేయొద్దు. గింప్ (ఫోటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్) తెరిచి లెవెల్స్‌లోకి పోయి, ఎరుపు చానల్ ఒక్కటే ఎంచుకో. అక్కడ కొండలాంటి గ్రాఫ్ కనిపిస్తుంది. నీ ఫోటోల్లో ఆ కొండంతా కుడివైపు గుమిగూడి ఎడమవైపు ఖాళీగా ఉంటుంది. ఎడమ చివరనున్న నల్ల ముల్లును కొండ మొదలయ్యేచోటి దాకా జరుపు. ఆకాశం అక్కడికక్కడే మారడం నీకే తెలుస్తుంది. ఆ తర్వాత ఆకుపచ్చ, నీలం చానళ్లు. వాటికి పెద్దగా అవసరం రాదు.

మూల ఫైలు ముట్టుకోకుండా కాపీ మీద చెయ్యి.

పిక్సెల్ పిల్ల (తిరుపతి)
సోమవారం, ఉదయం 8:45

తాతగారు చెప్పినదానికి ఒక చిన్న తోక తగిలిస్తాను. ఫైలు తెరవగానే టిఫ్‌గానో, గింప్ సొంత ఫార్మాట్‌లోనో సేవ్ చేసుకోండి. జేపెగ్‌గా సేవ్ చేసిన ప్రతిసారీ కొంత పోతుంది. మీ స్కాన్లను బాగా పెద్దది చేసి ఆకాశం చూడండి, చిన్న చిన్న చతురస్రాలు కనిపిస్తాయి. జేపెగ్ ఫోటోను 8 × 8 పిక్సెల్స్ ముక్కలుగా చేసి నొక్కుతుంది, ఆ అతుకులు అవే. రంగులు సాగదీస్తే అతుకులు కూడా తేలతాయి. కాబట్టి ఆకాశం మీద, కారు తలుపు మీద కొంచెం చూసుకుని లాగండి.

ఇంకొకటి, వాట్సాప్‌లో ఎవరికైనా పంపేటప్పుడు ఫోటోగా పంపొద్దు, డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే అది మళ్లీ నొక్కేస్తుంది.

మండీవీధి అమ్మాయి (తిరుపతి)
సోమవారం, రాత్రి 10:15

తాతగారూ, మీ పాదాలకు దండం! ఎరుపు చానల్ ముల్లు జరపగానే వెనక వేపచెట్టు పచ్చబడింది. వేపచెట్టు ఉందన్న సంగతే నాకు తెలియదు.

ఇప్పుడు ఇంట్లో కొత్త గొడవ. కారు ఏ రంగు? నాన్నేమో పిస్తా అంటారు. అమ్మేమో మీగడ రంగంటుంది. ముల్లు ఇటు జరిపితే పిస్తా, కాస్త అటు జరిపితే మీగడ. ఎక్కడ ఆపాలి?

గ్రీమ్స్‌పేట (చిత్తూరు)
సోమవారం, రాత్రి 10:22

అమ్మగారి మాటకే ఓటు. వంట ఆవిడ చేతిలో ఉంది కదా.

పిక్సెల్ పిల్ల (తిరుపతి)
సోమవారం, రాత్రి 10:40

ఫోటోలో ఏ రంగూ లేని వస్తువు ఒకటి వెతకాలి. అంటే తెలుపు, నలుపు, బూడిద, వీటిలో ఏదైనా సరే. నాన్నగారి పంచె తెల్లగానే ఉంది కదా, గ్రే పాయింట్ ఎంచుకునే డ్రాపర్‌తో దానిమీద నొక్కి చూడండి.

డార్క్‌రూమ్ తాత (తిరుపతి)
మంగళవారం, ఉదయం 6:05

పంచెను మాత్రం నమ్మొద్దు. ఆ రోజుల్లో చాకలి నీలిమందు పెట్టకుండా పంచె ఇచ్చేవాడా? పండగ రోజైతే ఇంకో చిటికెడు ఎక్కువే. దాన్ని తెలుపనుకుని సరిచేస్తే ఫోటో మొత్తం పసుపెక్కుతుంది. పెళ్లి ఫోటోలు కడిగేటప్పుడు నేను ఎన్నిసార్లు మోసపోయానో. బంపరును కూడా నమ్మొద్దు. అది పైన ఆకాశాన్ని, కింద ఎర్రమట్టిని చూపిస్తుంది.

నాలుగో గేరు (చిత్తూరు)
మంగళవారం, ఉదయం 7:30

నంబరు ప్లేటు ఉంది కదా తాతా! నల్ల ప్లేటు, తెల్ల అక్షరాలు. రెండూ ఒకేచోట, ఒకే వెలుతురులో ఉన్నాయి.

డార్క్‌రూమ్ తాత (తిరుపతి)
మంగళవారం, ఉదయం 7:41

ఇన్నేళ్లు స్టూడియో నడిపి నాకు తట్టలేదు చూడు! భేష్. నలుపుకు ప్లేటు, తెలుపుకు అక్షరం. అయితే అక్షరాన్ని అచ్చ తెలుపుగా పెడితే బంపరు మీది మెరుపు మాడిపోతుంది. అది అక్షరం కంటే ప్రకాశం. అందుకని అక్షరాన్ని రంగు లేనిదిగా మాత్రం చెయ్యి, ప్రకాశం పెంచకు.

పిక్సెల్ పిల్ల (తిరుపతి)
మంగళవారం, ఉదయం 9:10

అక్షరం మందం మీ ఫైల్లో మూడు నాలుగు పిక్సెల్స్ ఉంటుంది అంతే. జేపెగ్ వివరాలకంటే రంగులను ఎక్కువ నలుపుతుంది, అంచుల్లో పక్క రంగులు కలిసిపోయి ఉంటాయి. అక్షరం సరిగ్గా మధ్యలో నొక్కండి. రెండు మూడు అక్షరాల మీద ప్రయత్నించి, ఎక్కువసార్లు ఒకేలా వచ్చినదాన్ని తీసుకోండి.

మండీవీధి అమ్మాయి (తిరుపతి)
మంగళవారం, రాత్రి 11:02

ప్లేటు పని చేసింది. పిస్తాకు దగ్గరగా ఉంది. నాన్న మీసం మెలేశారు. "అది సాయంత్రం ఎండలో తీసింది" అని అమ్మ తేల్చేసింది.

ఇంకో తప్పు చేశాను, తిట్టకండి. కాణిపాకంలో తీసిన ఫోటో ఒకటుంది. కారు కొన్న కొత్తలో వినాయకుడి దగ్గర పూజ చేయించినప్పటిది. బానెట్ మీద దండ, చందనం బొట్లు, టైర్ల కింద నిమ్మకాయలు. దానిమీద దుమ్ము చుక్కలు చాలా ఉంటే, దుమ్ము తీసే ఫిల్టర్ ఒకటి కొట్టాను. చుక్కలు పోయాయి. చందనం మీద పెట్టిన కుంకుమ బొట్లు కూడా పోయాయి! అమ్మ చూసి, "బొట్టు లేని కారేమిటే" అని ఆ పేజీ తిప్పేసింది.

పిక్సెల్ పిల్ల (తిరుపతి)
బుధవారం, ఉదయం 8:20

అయ్యో అక్కా! ఫిల్టర్‌కు బొట్టేమిటి, మరకేమిటి. చిన్నగా, పక్కనున్న రంగుకు తేడాగా ఏది కనపడినా తుడిచేస్తుంది. వెనక్కి తీసేసి చేత్తో చేయండి. హీల్ టూల్ చిన్న సైజులో పెట్టుకుని, ఒక్కో చుక్క.

ఏది దుమ్మో ఏది బొట్టో పోల్చుకునే ఉపాయం ఒకటుంది. దుమ్ము ఫోటో లోపల ఉండదు, స్కానర్ అద్దం మీదో కాగితం మీదో ఉంటుంది. అందుకే ఫోటో ఎంత మసకగా ఉన్నా దుమ్ము అంచు పదునుగా కనిపిస్తుంది. కుంకుమ బొట్టు ఫోటోతో పాటే మసకగా ఉంటుంది. బాగా పెద్దది చేసి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

ఒక్క ఫోటోకు రెండు గంటలు పడుతుంది. ఏదో పాటలు పెట్టుకుని కూర్చోండి.

పలమనేరు బస్సు (పలమనేరు)
బుధవారం, మధ్యాహ్నం 1:15

విషయానికి కాస్త దూరమే గానీ అడగక ఉండలేను. ఘాట్ రోడ్డు మీద ఫియట్ ఎక్కేదా? మా పెద్దనాన్నకు అంబాసిడర్ ఉండేది. ఎప్పుడు కొండకు పోయినా దారిలో రెండు మూడు ఫియట్లు బానెట్ ఎత్తుకుని కనపడేవి.

నాలుగో గేరు (చిత్తూరు)
బుధవారం, మధ్యాహ్నం 1:40

అన్నా, ఎక్కేది. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కనే గేరు కాడ. మంది ఎక్కువైతే సెకండ్ గేర్లోనే పోవాలి, అంతే. వేసవిలో పెట్రోల్ పంపు వేడెక్కి, పైపులోనే పెట్రోలు ఆవిరై బండి ఆగేది. తడిగుడ్డ పంపు మీద చుట్టి పది నిమిషాలు కూర్చుంటే మళ్లీ కదిలేది. అంబాసిడర్లు ఆగలేదని మాత్రం చెప్పకండి, నవ్వుతారు.

మండీవీధి అమ్మాయి (తిరుపతి)
బుధవారం, మధ్యాహ్నం 2:05

మా దాంట్లో తడిగుడ్డ అంటే అమ్మ పాత చీర ముక్క! ఒక ఫోటోలో బానెట్ ఎత్తి ఉంది, లోపల ఏదో ఎర్రగా ఉంటే మంటేమోనని భయపడ్డాను. ఆ చీర ముక్కే.

డార్క్‌రూమ్ తాత (తిరుపతి)
బుధవారం, సాయంత్రం 5:30

ఘాట్ రోడ్డు ముచ్చట తర్వాత పెట్టుకోండి. తల్లీ, ఒక ముఖ్యమైన మాట మొదటే అడగాల్సింది, ముసలితనం, మరిచిపోయాను. నెగిటివ్‌లు ఎక్కడున్నాయి?

ఫోటోలు కడిగించినప్పుడు మేము నెగిటివ్‌లను ముక్కలుగా కత్తిరించి కవర్లో పెట్టి ఇచ్చేవాళ్లం. జనం ఫోటోలు ఆల్బంలో పెట్టుకుని, ఆ కవరు ఎక్కడో పడేసేవాళ్లు. ఎక్కడ పడేశారో అమ్మను అడుగు. నీ 600 × 900 స్కాన్‌ను ఎంత తోమినా ప్రింటు నాలుగు అంగుళాలు, ఆరు అంగుళాలు దాటి పోకూడదు. నెగిటివ్ దొరికితే కథ వేరు. వేలెడంత ముక్కను 2400 డీపీఐలో, అంటే అంగుళానికి 2400 చుక్కల లెక్కన, స్కాన్ చేస్తే సుమారు 3400 × 2270 పిక్సెల్స్ వస్తాయి.

మండీవీధి అమ్మాయి (తిరుపతి)
గురువారం, రాత్రి 9:50

దొరికాయి!!!

అటక మీద ఇనప ట్రంకు పెట్టెలో, పాత పంచాంగాల కింద, ప్లాస్టిక్ కవర్లో ఐదు ముక్కలు. అటక మీదికి నీళ్లు రాలేదు కాబట్టి బతికాయి. ఒక ముక్కలో కాణిపాకం ఫోటో ఉంది.

అసలు విశేషం ఇంకొకటి. ఆ ట్రంకు కింద దించగానే నాన్న దాన్ని తట్టి, "ఇది మన కారు రంగే" అన్నారు. టింకరింగ్ చేయించినప్పుడు డబ్బాలో మిగిలిన పెయింటును పారేయడం ఇష్టంలేక ట్రంకుకు పూశారట! బయట తుప్పు పట్టి గీతలు పడింది గానీ మూత లోపలివైపు రంగు చెక్కుచెదరలేదు. ఇంక గొడవ తేలినట్టే కదా? పక్కన తెల్లకాగితం పెట్టి పగటి వెలుతురులో ఫోటో తీసి కింద పెట్టాను. లేత ఆకుపచ్చ. నాన్న గెలిచారు.

నాలుగో గేరు (చిత్తూరు)
గురువారం, రాత్రి 10:20

అక్కా, ఆనందం చెడగొడుతున్నాను, ఏమనుకోవద్దు. అది ఎనామిల్ అయితే వెలుతురు తగలనిచోటే ఎక్కువ పసుపెక్కుతుంది. మూత లోపల ముప్పై ఏళ్లు చీకట్లో ఉంది. అంటే అసలు రంగులో ఇంత పసుపు ఉండి ఉండదు. పసుపు తీసేస్తే కొంచెం నీలం వైపు పోతుంది. పిస్తా కాదు, మీగడ అసలే కాదు.

మండీవీధి అమ్మాయి (తిరుపతి)
గురువారం, రాత్రి 10:31

ఈ మాట ఇంట్లో చెప్పే ధైర్యం నాకు లేదు.

గ్రీమ్స్‌పేట (చిత్తూరు)
గురువారం, రాత్రి 10:33

ఆర్‌సీ పుస్తకంలో రంగు రాసి ఉంటుంది కదా? జిరాక్సు ఏదైనా మిగిలిందేమో చూడండి.

మండీవీధి అమ్మాయి (తిరుపతి)
గురువారం, రాత్రి 10:40

ఆర్‌సీ కారుతోపాటే వెళ్లిపోయింది. జిరాక్సు కూడా ఆల్బంతో కలిసి ముద్దయిన కాగితాల్లోనే ఉండాలి.

మండీవీధి అమ్మాయి (తిరుపతి)
శుక్రవారం, రాత్రి 8:15

ఆగలేక నేనే ప్రయత్నించాను. ట్యాబ్ మీద తెల్ల స్క్రీన్ పెట్టి, నెగిటివ్ దానిమీద ఉంచి, ఫోన్‌తో తీసి, రంగులు తిప్పేశాను. అంతా నీలంగా, చుక్కల గళ్లతో వచ్చింది. పైగా నాన్న ఎడమచేత్తో దండం పెడుతున్నట్టు ఏదో తేడాగా ఉంది.

నాలుగో గేరు (చిత్తూరు)
శుక్రవారం, రాత్రి 8:22

నాన్న సంగతి తర్వాత, స్టీరింగ్ చూడండి. ఎడమ పక్కకు పోయింది. ఫియట్‌ను అమెరికా పంపేశారు మీరు! నంబరు కూడా అద్దంలో చూసినట్టుంది. నెగిటివ్ తిరగబడింది.

డార్క్‌రూమ్ తాత (తిరుపతి)
శుక్రవారం, రాత్రి 8:50

నెగిటివ్‌కు ఒక పక్క నిగనిగలాడుతుంది, ఒక పక్క మెరుపు లేకుండా ఉంటుంది. మెరుపు లేనిదే మందు పూసిన పక్క, దాన్ని గీకొద్దు. నిగనిగలాడే పక్కనుంచి చూస్తే అంచు మీది అంకెలు తిన్నగా కనపడతాయి. అటునుంచే తీయాలి. గళ్లు వచ్చింది స్క్రీన్ పిక్సెల్స్ వల్ల. నెగిటివ్‌ను స్క్రీన్ మీద నుంచి రెండంగుళాలు ఎత్తితే పోతాయి. నీలం ఎందుకంటే, కలర్ నెగిటివ్‌కు నారింజ రంగు పొర ఉంటుంది, తిప్పేస్తే అది నీలమవుతుంది. బొమ్మలేని అంచు రంగును చూసి దాన్ని తీసేయాలి.

ఇంత తంటా ఎందుకు, రేపు ఆ కవరు తీసుకుని మా ఇంటికి రా. పాత ఫిల్మ్ స్కానర్ అల్మరాలో ఉంది. వేళ్లతో అంచులే పట్టుకో. తుడవకు, ఊదకు, ఏమీ చేయకు. అడ్రసు విడిగా మెసేజి పెడతాను.

మండీవీధి అమ్మాయి (తిరుపతి)
ఆదివారం, ఉదయం 11:30

తాతగారింట్లో నిన్న నాలుగు గంటలు కూర్చున్నాం. అవ్వ రెండుసార్లు కాఫీ, ఒకసారి పెసరట్టు పెట్టింది.

కాణిపాకం ఫోటో స్క్రీన్ మీద విచ్చుకుంటుంటే ఒళ్లు గగుర్పొడిచింది. నిమ్మకాయ మీద తొడిమ కనిపిస్తోంది. దండలో కనకాంబరాలు, మల్లెలు విడివిడిగా లెక్కపెట్టొచ్చు. అమ్మ చంకలో మా తమ్ముడు, వాడి బుగ్గ మీద దిష్టిచుక్క.

ఇక్కడొక చిక్కు వచ్చి పడింది. కారు ముందు ఎడమ మడ్‌గార్డు మీద, లైటు పక్కన, ఒక సొట్ట కనిపిస్తోంది. ఎర్రబడిన పాత స్కాన్‌లో అది తెలియలేదు.

మా ఇంట్లో ఆ సొట్టకో చరిత్ర ఉంది. 1991లో మా మామ, అమ్మ తమ్ముడు, కారు అడిగి తీసుకుని హార్స్‌లీ హిల్స్ పోయి వచ్చాడు. వచ్చిన మర్నాడు నాన్న సొట్ట చూశారు. "నేను చేయలేదు బావా" అని మామ ఎంత మొత్తుకున్నా వినలేదు. అప్పటినుంచి పెళ్లిళ్లలో, పండగల్లో, ఎక్కడ కలిసినా ఆ సొట్ట మాట వస్తుంది. ముప్పై ఏళ్లు దాటింది. మామ మదనపల్లెలో ఉంటాడు. ఈ రోజుకీ నాన్న ముందు స్టీరింగ్ పట్టుకోడు.

మరి ఈ ఫోటో కొన్నప్పటిదైతే?

నాలుగో గేరు (చిత్తూరు)
ఆదివారం, మధ్యాహ్నం 12:05

తొందరపడొద్దు. రెండు ప్రశ్నలు.

ఒకటి, అది సొట్టేనా, నీడా? మడ్‌గార్డు మీద పొడుగ్గా ఒక వెలుతురు గీత పోతుంది. సొట్ట ఉన్నచోట ఆ గీత వంకర తిరుగుతుంది. ఎవరైనా మనిషి ప్రతిబింబం పడినా అట్లాగే వంగుతుంది. అదే పక్క కనిపించే ఇంకో ఫోటో చూడండి. ప్రతిబింబమైతే చోటు మారుతుంది, సొట్ట మారదు.

రెండు, ఏటా ఆయుధ పూజకు కూడా కారుకు దండ వేస్తారు. కొన్నప్పటిదే అని ఎట్లా చెప్పగలరు?

మండీవీధి అమ్మాయి (తిరుపతి)
ఆదివారం, మధ్యాహ్నం 12:50

అదే ముక్కలో పక్క నెగిటివ్ కూడా గుడి దగ్గరిదే, ఇంకో కోణంలో తీసింది. గీత అక్కడే వంగింది, సరిగ్గా లైటు పక్కనే.

తారీఖు సంగతి: తమ్ముడు 1987 అక్టోబరులో పుట్టాడు. ఫోటోలో వాడికి ఇంకా ఏడాది నిండినట్టు లేదు, మెడ వెనక అమ్మ చెయ్యి ఉంది. 1991కి వాడు బడికి పోతున్నాడు.

గ్రీమ్స్‌పేట (చిత్తూరు)
ఆదివారం, మధ్యాహ్నం 12:53

అమ్మినవాడు సొట్టతోనే అంటగట్టాడు. నాన్నగారు మూడేళ్లు చూసుకోలేదు. 😄

ఏదో ఒకటి (రేణిగుంట)
ఆదివారం, మధ్యాహ్నం 1:20

హీల్ టూల్‌తో రెండు నిమిషాల పని, తీసేయండి. పుట్టినరోజు పూట గొడవెందుకు?

డార్క్‌రూమ్ తాత (తిరుపతి)
ఆదివారం, మధ్యాహ్నం 3:10

తీయొద్దు తల్లీ. గీత, దుమ్ము, మరక, ఎరుపు, ఇవి ఫోటోకు పట్టిన జబ్బులు. వాటిని నయం చేద్దాం. సొట్ట కారుది. ఫోటో బాగుచేసేవాడికి టింకరింగ్ పనితో ఏం సంబంధం? నా దగ్గరికి ఒకసారి పెళ్లికొడుకు తండ్రి వచ్చి, గ్రూపు ఫోటోలో తమ్ముడిని తీసేయమన్నాడు. తీయలేదు. ఆ తమ్ముడే తర్వాత వచ్చి ఇరవై కాపీలు కడిగించుకున్నాడు.

పిక్సెల్ పిల్ల (తిరుపతి)
ఆదివారం, మధ్యాహ్నం 3:25

నాదీ అదే మాట. యాప్ చేసింది తప్పని మనమే కదా అన్నాం, రెక్కలు చెక్కేసిందని. సొట్ట తీసేస్తే మనమూ అదే పని చేసినట్టు.

మండీవీధి అమ్మాయి (తిరుపతి)
మంగళవారం, రాత్రి 9:40

పుట్టినరోజు దాకా దాచలేకపోయాను. నిన్న నాన్నకు చూపించాను, ఏమీ చెప్పకుండా. ఈసారి "ఎవరిదీ కారు" అనలేదు. నంబరు పైకి చదివారు. చక్రాల దగ్గర్నుంచి పైదాకా ఒక్కొక్కటి చూసుకుంటూ వచ్చి మడ్‌గార్డు దగ్గర వేలు ఆపారు. చాలాసేపు ఆపారు. తర్వాత "ఆ వెలుతురుకు అట్లా కనపడతా ఉంది" అని టీవీ పెట్టుకున్నారు.

అమ్మ ఆ ఫోటోను అప్పటికే ఫోన్‌లో తన తమ్ముడికి పంపేసింది. మామ రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేశాడు. గొంతు పూడుకుపోయింది, నవ్వో ఏడుపో తెలియలేదు.

తాతగారూ, ఆ ఒక్క ఫోటో 12 × 18 అంగుళాలు వేయొచ్చా?

డార్క్‌రూమ్ తాత (తిరుపతి)
బుధవారం, ఉదయం 6:10

భేషుగ్గా వేయొచ్చు. 3400 పిక్సెల్స్‌ను 18 అంగుళాలకు పంచితే అంగుళానికి 190 దాకా వస్తాయి. గోడ మీద నాలుగడుగుల దూరంలో చూసేదానికి అది చాలు. గ్లాసీ వద్దు, మ్యాట్ కాగితం మీద వేయించు. గ్లాసీ అయితే ట్యూబ్ లైటు పడి ఆ సొట్ట దగ్గరే మెరుస్తుంది, మళ్లీ "వెలుతురు" అంటారు నాన్న. పటం కట్టించేటప్పుడు అద్దానికి ఫోటో అంటుకోకుండా మధ్యలో అట్ట పెట్టమను.

ఎన్ని కాపీలు?

మండీవీధి అమ్మాయి (తిరుపతి)
బుధవారం, ఉదయం 7:02

రెండు. ఒకటి మదనపల్లెకు. రెండోది మా హాల్లో, నాన్న కుర్చీకి ఎదురుగా తగిలించాలట. మేకు కూడా తనే తెచ్చుకుంటానన్నాడు మామ.